నూరు అతుకుల శ్రుతిపెట్టె

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. "దేన్ని గురించి?" అంటే, "నీకు తెలిసినదాన్ని గురించి" అన్నారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి, పార్సిలు ఆఫీసులో రసీదులు రాయడం. దాన్ని గురించి మొదలుపెడితే ఈ సభలో సగంమంది రైల్వేవారే గనుక లేచి వెళ్లిపోతారు. రెండవది, రాత్రిపూట బల్లముందు కూచుని చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సామాన్లు అతికి, వాటిచేత స్వరం పలికించడం. ఆ రెండవదాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాణ్ణి, ఇంజనీరును కాను. తప్పులుంటే మన్నించండి.

సింథసైజరు అనే మాట సినిమా పాటల పుణ్యమా అని మీ అందరికీ తెలుసు. అందులో తీగ లేదు, తోలు లేదు, ఊదే గాలి లేదు. కెపాసిటరు అనే చిన్న బిళ్లలోకి విద్యుత్తు నిండుతుంది, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. సెకనుకు 196 సార్లు అట్లా జరిగితే స్పీకరులోంచి అయిదు శ్రుతి షడ్జమం వినిపిస్తుంది. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 294 సార్లు జరిగితే పంచమం. రెండు రెట్లయితే తారషడ్జమం. ఆ మూడింటినీ కలిపి నిలిపితే శ్రుతిపెట్టె. ఈ నింపే ఖాళీచేసే పనిని చేసే 555 అనే ఐ.సి.ని స్విట్జర్లండులో పుట్టిన హాన్స్ కామెన్జిండ్ అనే ఆయన అమెరికాలో రూపొందించాడు. అది 1972లో బజారులోకి వచ్చింది. ఇప్పటికీ కొద్దిపాటి రూపాయలకు మన బరంపురంలో దొరుకుతుంది.

ఇంట్లో కూచుని వాద్యాన్ని అతుక్కునే ఈ పిచ్చి నాతో మొదలైనది కాదు. సింథసైజరుకు పేరు తెచ్చిన రాబర్ట్ మూగ్ అనే అమెరికా ఆయన, ఆ యంత్రం చేయడానికి ముందు చేసిన వ్యాపారం ఇదే. చేత్తో తాకకుండా వాయించే థెరమిన్ అనే వాద్యపు విడిభాగాలను పెట్టెలో సర్ది అమ్మేవాడు. కొన్నవాళ్లు ఇంటివద్ద అతుక్కునేవారు. ఆయన సింథసైజరు 1964లో పుట్టింది. అయిదేళ్లకే, 1969లో, అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనుకు అటువంటి యంత్రం వచ్చింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని అక్కడ అమర్చిపెడితే, గీతా సారాభాయి మొదలైన మనవాళ్లు దానితో ప్రయోగాలు చేశారు. కచేరీలలో మీరు చూసే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలకు, తంబురాలకు పేరు పొందినవారు బెంగుళూరు రాజ్ నారాయణ్ గారు. ఆయన ఇంజనీరే కాదు, వేణువు వాయించే విద్వాంసులు కూడాను.

ఇక నా సంగతి. మా నాన్న పాయింట్స్‌మన్‌గా పనిచేశారు. డ్యూటీ లేనప్పుడు పాత రేడియోలు విప్పి బాగుచేసేవారు. విశాఖపట్నం స్టేషను అందితే ఆయన ముఖాన ఉగాది వచ్చేది. నేను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ చదవాలని ఆయన కోరిక; నా కోరిక కూడా అదే. ఆయన జబ్బుచేసి సర్వీసులో ఉండగానే పోయారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కారుణ్య నియామకం కింద నాకీ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అది మాకు అన్నం పెట్టింది, చెల్లెలి పెళ్లి చేసింది. దాన్ని నిందించను. కాని నాన్న సోల్డరింగ్ ఐరను మాత్రం బట్టలో చుట్టి అటకమీద దాచుకున్నాను.

మా అమ్మది ఇచ్ఛాపురం. చిన్నప్పుడు వర్ణాలదాకా నేర్చుకున్నది. బరంపురం కాపురానికి వచ్చాక కూడా, చేత్తో ఊదే పాత శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని సాయంకాలం పాడుకునేది. నాన్న పోయిన తరువాత మానేసింది. పెట్టె తిత్తులు ఎలుకలు కొరికేశాయి. పదిహేనేళ్లకు పైగా మా ఇంట్లో పాట లేదు. మా అమ్మాయికి ఏడేళ్లు వచ్చేసరికి, "నాయనమ్మ చేత నేర్పించు నాన్నా" అని పట్టుపట్టింది. అమ్మ "శ్రుతి లేకుండా పాడేదేమిటి?" అని తప్పించుకున్నది. నేను ఫోనులో శ్రుతి పెట్టి ముందుంచాను. ఈ రోజుల్లో ఫోనులో అన్ని శ్రుతులూ ఉచితం గదా! అమ్మ కాసేపు విన్నది. "బాగానే ఉంది" అన్నది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు అటకమీంచి ఐరను దింపాను. పోస్టులో ఒక కిట్టు తెప్పించాను. కిట్టంటే నున్నని పెట్టె అనుకునేరు. ప్లాస్టిక్ సంచిలో గుప్పెడు గింజల వంటి సామాను: 4 ఐ.సి.లు, 14 రెసిస్టర్లు, 12 కెపాసిటర్లు, శ్రుతి దిద్దే ప్రీసెట్లు 3, వాల్యూము ఒకటి, ఒక స్పీకరు, పచ్చని పి.సి.బి. పలక. లెక్కవేస్తే అతకవలసిన చోట్లు సరిగ్గా నూరు.

ఇందులో విసుగు ఎంతో ముందు చెప్పాలి. రెసిస్టరు వడ్లగింజ కంటె కొంచెం పెద్దది. దానిమీది రంగుచారలే దాని విలువ. నలుపు సున్న, గోధుమరంగు ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, అట్లా తెలుపు తొమ్మిది దాకా. మన పట్టుచీర అంచుల రంగులు ఎంచే ఊళ్లో పుట్టినవాణ్ణయినా, రాత్రి దీపం కింద గోధుమకూ ఎరుపుకూ తేడా కనబడక పదిసార్లు మీటరు పెట్టి చూసుకోవలసి వచ్చింది. ఫ్యాను వేస్తే ఐరను చల్లారుతుంది, వేయకపోతే నేను కాగిపోతాను. మెడ పట్టేస్తుంది. పొగ కళ్లలో పడుతుంది. ఒక్కో అతుక్కి రెండు మూడు సెకన్లే గాని, దానికి సిద్ధమవడానికి అయిదు నిమిషాలు. డ్యూటీ దిగివచ్చి రోజుకు నాలుగైదు అతుకులు, కరెంటు పోయిననాడు అదీ లేదు. నెల గడిచింది.

అంతా అయి బ్యాటరీ తగిలిస్తే చప్పుడే లేదు!

బడాబజారు సందులో రేడియోలు బాగుచేసే ఒక ఒడియా పెద్దాయన ఉన్నారు. నేను మౌసా అని పిలుస్తాను. ఆయన ఒడియాలో సగం తెలుగు, నా తెలుగులో సగం ఒడియా. ఇద్దరికీ బాగానే నడుస్తుంది. ఆయన పలకను తిరగేసి చూసి నవ్వారు. "బాబూ, సోల్డరు ఎక్కువ పెడితే గట్టిగా ఉంటుందనుకున్నావు. ముందు రాగిని వేడిచెయ్యి. రాగి వేడెక్కితే సోల్డరు తానే పారుతుంది. నువ్వు సోల్డరును కరిగించి చల్లని రాగిమీద పోశావు" అన్నారు. దీన్నే డ్రై సోల్డరంటారు. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల అంటదు. మంచి అతుకు మెరుస్తుంది, చెడ్డది బూడిదరంగుగా ఉంటుంది. అట్లాంటివి పదకొండు దొరికాయి. అన్నీ పీకి మళ్లీ పెట్టాను.

మర్నాటి రాత్రి పదిన్నరకు పెట్టె పలికింది. ఆ సంతోషాన్ని ఎట్లా చెప్పను? మన చేత్తో ఏరిన గింజలు, మన కళ్లముందు, ఒక నాదమై గదంతా నిండాయి. అది మధురంగా ఉన్నదని అనను. కందిరీగ డబ్బాలో పడ్డట్టున్నది. అయినా అది నా కందిరీగ!

అప్పుడు పక్కగదిలోంచి అమ్మ మాట వినిపించింది: "పంచమం కూచోలేదురా."

నేను మీటరు చూశాను. 294 ఉండవలసింది 293 చూపిస్తున్నది. ఒక్కటే తేడా! ఆ ఒక్కటి వల్లనే రెండు స్వరాలూ కలిసినచోట సెకనుకు రెండుసార్లు ఊగు వస్తుందని తరువాత లెక్కవేసి తెలుసుకున్నాను. అమ్మకు లెక్క అక్కరలేకపోయింది. వచ్చి నా పక్కన కూచున్నది. స్క్రూడ్రైవరు చేతికిస్తే ప్రీసెట్‌ను వెంట్రుకవాసి తిప్పింది. ఊగు ఆగింది. రెండు స్వరాలూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. "ఇదీ" అన్నది. పది నిమిషాలకు మళ్లీ, "పైకి జారుతోంది" అన్నది. మౌసానడిగితే, కిట్టుతో వచ్చిన సిరామిక్ బిళ్లలకు వేడి తగిలితే విలువ మారుతుంది, పాలియెస్టరు కెపాసిటర్లు పెట్టమన్నారు. పెట్టాను. మళ్లీ అమ్మ దిద్దింది. అట్లా వారం రోజులు నేను అతకడం, ఆవిడ దిద్దడం. ఎనిమిదో రోజున శ్రుతి సరిచూడడానికని సన్నగా గొంతు కలిపింది. గొంతు బొంగురుపోయి ఉన్నది. మా అమ్మాయి పుస్తకం మూసేసి వచ్చి కూచున్నది. నేను ఐరను స్విచ్చి తీసేసి, ఏదో వెతుకుతున్నట్టు వీధిలోకి వెళ్లిపోయాను.

అయ్యా, ఆలోచిస్తే నాకు ఒకటే తోస్తున్నది. ఫోనులోని శ్రుతిలో తప్పు లేదు. తప్పు లేదు గనుక అమ్మకు అక్కడ పని లేకపోయింది. నేను చేసినది తప్పులతో ఉన్నది గనుక ఆవిడ చెవి అవసరమైంది. కొన్నదానికి మనం వాడకందార్లం మాత్రమే. చేసుకున్నదానికి ఇంట్లోవాళ్లందరూ కావాలి.

పెద్దలకు ఇంకొక్క మనవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో చేరినప్పటి నుంచీ ఇక్కడ మన భాష బడిలోనూ బజారులోనూ తయారై దొరికే వస్తువు కాకుండా పోతూ వచ్చింది. తరువాత ఉద్యోగాలకోసం వచ్చిన మాబోటివాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. మన పిల్లల తెలుగులో తప్పులుంటాయి. మా అమ్మాయి "నాయనమ్మ వచ్చాడు" అనేది. విని నవ్వితే ఆ పిల్ల నోరు మూసుకునేది. ఇప్పుడు పాటతోపాటు అమ్మ దాన్నీ దిద్దుతున్నది, పంచమాన్ని దిద్దినట్టే, వెంట్రుకవాసి. తప్పుగానైనా పలకనివ్వండి. పలికితేనే గదా దిద్దడానికి ఏదైనా ఉండేది!

ఆదివారం సాయంత్రం మా వరండాలో ఇప్పుడు నలుగురు పిల్లలు మా అమ్మవద్ద గీతాలు నేర్చుకుంటున్నారు. మరో గదిలో ఇద్దరు కుర్రాళ్లు నావద్ద సోల్డరు పట్టడం నేర్చుకుంటున్నారు; వారిలో ఒకడు మౌసాగారి మనుమడు. ఇంకా చోటున్నది. ఫీజు లేదు. ఐరను మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి. నాన్నది నేను ఎవరికీ ఇవ్వను.

ఇందాక మన ఆడపిల్లలు ప్రార్థనగీతం పాడినప్పుడు వెనుక వినిపించిన శ్రుతి ఆ పెట్టెదే. మీలో ఎవరికైనా పంచమం కూచోలేదనిపిస్తే, సభ అయ్యాక దయచేసి వచ్చి చెప్పండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.