రోడ్డుకి అవతల ఊరు

(రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా జోనల్ కార్యాలయంలో సిబ్బంది, కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక సీనియర్ మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)

రోడ్డు భద్రత మీద ఓ పదిహేను నిమిషాలు మాట్లాడమని జోనల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, హెల్మెట్ గురించీ సీటు బెల్టు గురించీ చెప్పాలేమో అనుకున్నాను. అవి మన పిల్లలకి స్కూల్లో చెబుతున్నారు, వాళ్ళు ఇంటికొచ్చి మనకి చెబుతున్నారు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక్క రోడ్డు గురించే చెబుతాను. ముప్ఫై రెండు కిలోమీటర్ల రోడ్డు. మూడేళ్ళు రోజూ తిరిగాను.

కాపురం ఏలూరులో. బ్రాంచి తాడేపల్లిగూడెం వైపు, హైవే మీద ఒక ఊరు. పేరు చెప్పను, ఇక్కడ కొందరికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆ హైవేకి ఇప్పుడు 16వ నంబరు, మనందరి నోట్లో మాత్రం ఇంకా పాత ఐదో నంబరు రోడ్డే. ఊళ్ళో ఆరు కిలోమీటర్లు పోను, హైవే మీద 26 కిలోమీటర్లు. ఊరేమో రోడ్డుకి కుడి పక్క, బ్యాంకు ఎడమ పక్క. పూర్వం బ్యాంకు ఊరి మధ్యలోనే ఉండేది. రోడ్డు మీదకి ఉంటే బిజినెస్ పెరుగుతుందని, పార్కింగ్ ఉంటుందని మనమే మార్చాం. బిజినెస్ పెరిగిన మాట నిజమే.

బ్యాంకు వాళ్ళ ఇళ్ళల్లో పొద్దున్న తొమ్మిది ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. స్ట్రాంగ్ రూము తాళం చెవి ఒకటి నా దగ్గర, రెండోది హెడ్ క్యాషియర్ దగ్గర. ఇద్దరిలో ఎవరు ఆలస్యమైనా క్యాష్ బయటికి రాదు. పెన్షన్ రోజైతే తలుపు దగ్గర అరవై మంది. అందుకని హైవే ఎక్కగానే 100. దాటేవాణ్ణి కాదు. నాలుగు వరసల రోడ్ల మీద కార్లకి 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి అదే కాబట్టి, నేను చట్టం ప్రకారమే పోతున్నానని నాకో ధీమా. ఆ పెంపును 2021లోనే మద్రాసు హైకోర్టు కొట్టేసిందని అప్పటికి నాకు తెలియదు. తెలిసినా తగ్గేవాణ్ణి కాదేమో.

2022 నవంబరు. మా బ్రాంచికి అర కిలోమీటరు ముందు, డివైడరులో ఖాళీ వదిలిన చోట, నా ముందు చేపల వ్యాను పోతోంది. కొల్లేరు వైపు చెరువుల నుంచి వచ్చేవి, నీళ్ళు కారుస్తూ. మన లారీలు, వ్యాన్లు కుడి వరసలోనే కదా నడుస్తాయి. అది ఉన్నట్టుండి నెమ్మదించింది. టైము 9.40. నేను ఎడమ పక్క నుంచి దాటేశాను. తప్పే. వ్యాను ఎందుకు నెమ్మదించిందో, దాని ముందు నుంచి ఒక ముసలావిడ బయటికి వచ్చాక తెలిసింది.

బ్రేకు తొక్కాను. కారు ఎడమకి కోసుకుని మట్టి అంచు మీదకి జారింది. ఆవిడ చీర కొంగు అద్దానికి తగిలిందనే నాకు గుర్తు, అది నిజమో నా భయమో చెప్పలేను. అద్దంలో చూస్తే ఆవిడ నిలబడే ఉంది, చేతిలో ప్లాస్టిక్ కవరు. నేను ఆగలేదు. ఆగి దిగి "అమ్మా, దెబ్బేమన్నా తగిలిందా" అని అడగలేదు. తాళం చెవి నా జేబులో ఉంది కదా, అదీ నా సాకు.

పదకొండింటికి ఆవిడ నా టేబుల్ ముందుకొచ్చింది. రైల్వే గ్యాంగ్‌మన్ భార్య, ఫ్యామిలీ పెన్షన్. నవంబరులో పెన్షనర్లు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. "బతికే ఉన్నానని రాసియ్యండి బాబుగారూ" అంది. ప్రతి ఏడూ అందరూ అనే మాటే అది. ఆ రోజు సంతకం పెడుతుంటే నా చెయ్యి వణికింది. ఆవిడ పొద్దున్న సంగతి ఎత్తలేదు. గుర్తుపట్టలేదులే అనుకున్నాను. ఊపిరి పీల్చుకున్నాను, దానికీ ఇప్పుడు సిగ్గుపడతాను.

ఆ సాయంత్రం ఇంటికి ఏ దారిన వెళ్ళానో చెబితే నవ్వుతారు. ఏలూరు కాలవ కట్ట వెంట, పంచాయతీ రోడ్లు కలుపుకుంటూ, గంటా పది నిమిషాలు. మర్నాడు పొద్దున్న కూడా అలాగే. మూడు నెలలు అలాగే తిరిగాను. మా ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు. హైవే మీద రద్దీ ఎక్కువైందన్నాను. నలభై నిమిషాలు ముందు బయల్దేరాలి. వారం తిరిగాక ఆవిడ అంది: "మీ నలభై నిమిషాలూ నా నిద్రలోంచి పోతున్నాయి, గమనించారా?" గమనించలేదు. మర్నాటి నుంచి డబ్బా నేనే సర్దుకున్నాను. పప్పు ముందు రోజుది, పెరుగన్నం ఆ రోజుది. ఇక్కడున్న మగవాళ్ళకి ఇది రోడ్డు భద్రతలో భాగంగానే చెబుతున్నాను.

కట్ట రోడ్డు మీద మొదటి నెల నాకు స్వర్గంలా ఉంది. లాకుల దగ్గర టీ, కాలవలో గేదెలు, సైకిళ్ళ మీద ఆడపిల్లలు. 40 దాటడానికి రోడ్డే ఒప్పుకోదు. కొబ్బరి చెట్ల నీడ, హారన్ల గోల లేదు. కానీ దాన్ని గొప్ప చేసి చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. కోతలు మొదలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. చీకటి పడితే గడ్డి ట్రాక్టరుకి వెనక లైటు ఉండదు, మెరిసే స్టిక్కరు ముక్క ఉండదు. కల్వర్టులకి పిట్టగోడల్లేవు. ఎదురొచ్చేవాడికీ మనకీ మధ్య డివైడరు లేదు. ఒక రాత్రి జారి కాలవలో పడితే తెల్లవారే దాకా ఎవరికీ తెలియదు. ఆ రోడ్డు మీద నన్ను కాపాడింది రోడ్డు కాదు, నా 40. అదే రోడ్డు మీద 80లో పోయే కుర్రాళ్ళని చూశాను, అదృష్టవంతులు.

ఆ చిన్న సంగతి అర్థమవడానికి నాకు మూడు నెలలు పట్టింది. అర్థమయ్యాక హైవేకి తిరిగొచ్చాను, 80కి. ఊళ్ళు తగిలే చోట 60.

మనం లెక్కల మనుషులం కాబట్టి లెక్క చెబుతాను. నా 26 కిలోమీటర్లు 100లో పోతే 15 నిమిషాల చిల్లర. ఊళ్ళ దగ్గర మూడు కిలోమీటర్లు 60లో, మిగతా 23 కిలోమీటర్లు 80లో పోతే 20 నిమిషాల చిల్లర. తేడా ఐదు నిమిషాల లోపు. అంత చిన్న మొత్తానికి అన్నాళ్ళు ఎంత వడ్డీ కట్టడానికి సిద్ధపడ్డానో చూడండి. బ్రేకు మీద కాలు పడేసరికి సెకనున్నర పడుతుందనుకుందాం, రోడ్డూ టైర్లూ బాగున్నాయనుకుందాం. 80లో వచ్చిన కారు దాదాపు 70 మీటర్లలో ఆగిపోతుంది. 100లో వచ్చిన కారు సరిగ్గా అదే చోట ఇంకా 70కి పైగా వేగంలో ఉంటుంది. ఆగడం అటుంచి, మనిషి మీద నుంచి పోవడానికి సరిపోయే వేగం. నేనూ ఈ లెక్క ఒక ఆదివారం కాయితం మీద వేసుకున్నాను, నమ్మలేక మళ్ళీ వేశాను.

ఇంకో లెక్క అవతల పక్క నుంచి. పద్నాలుగు నెలలు ఆ బ్రాంచిలో పనిచేసి, ఆ రోడ్డుని ఒక్కసారి కూడా కాలినడకన దాటలేదు నేను. ఒక మధ్యాహ్నం దాటి చూశాను. అవతల నిలబడి గడియారం పెట్టుకుని ముసలివాళ్ళు ఎలా దాటుతున్నారో కూడా చూశాను. కర్ర పట్టుకున్న మనిషికి డివైడరుకి ఒక పక్క దాటడానికి పన్నెండు సెకన్లు. ఆ పన్నెండు సెకన్లలో 100లో వచ్చే కారు 333 మీటర్లు వస్తుంది, 60లో వచ్చేది 200. అంటే శుక్లాలు పట్టిన కళ్ళతో 333 మీటర్ల అవతల ఉన్న కారుని చూసి, దాని వేగం అంచనా కట్టి, అడుగు వెయ్యాలి. పెన్షన్ కోసం.

మా బ్రాంచిలో నేను పంపిన సురక్షా బీమా క్లెయిముల్లో పాము కాటు ఒకటి, కరెంటు షాకు ఒకటి. మిగతావన్నీ రోడ్డువే. ఏడాదికి 20 రూపాయలు కట్టించుకుని 2 లక్షలు ఇప్పిస్తున్నామని బోర్డు పెట్టుకున్నాం, ఎఫ్.ఐ.ఆర్. కాపీ జత చెయ్యమన్నాం. ఆ కాపీల్లో స్థలం అన్న చోట మా డివైడరు ఖాళీ పేరే మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఫైలు మూసేశానే గానీ కిటికీలోంచి బయటికి చూడలేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో, ఆ 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులే, చావుల్లో వాటి వాటా నూటికి 36. నూటికి 70కి పైగా చావులకి అతివేగమే కారణమని రాశారు.

మా ఇంట్లో ఈ మాట ఎత్తితే ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఒప్పుకోడు. "నాన్నా, ఆ రోడ్డు కట్టిందే 100కి. టోల్ కట్టేది 60లో పోవడానికా?" అంటాడు. వాడన్నదాంట్లో ఇంకో మాటలో న్యాయం ఉంది: "అందరూ 100లో పోతుంటే నువ్వొక్కడివీ 60లో పోతే నిన్నే గుద్దుతారు." నిజమే, నా వెనక లారీలు హారన్లు కొట్టీ కొట్టీ అలిసిపోయాయి. ఎడమ అంచుకి జరుగుదామంటే అక్కడ ఎదురొచ్చే ఆటో. అందుకే ఇది నా ఒక్కడి బుద్ధితో తేలే పని కాదంటాను. పరిమితి అందరికీ తగ్గాలి, అది కూడా రోడ్డంతా కాదు, ఊరూ రోడ్డూ కలిసే చోట. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ఫలానా రోడ్డు మీద, ఫలానా చోట వేగం తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఢిల్లీ దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మంచు పడే రోజుల్లో ప్రతి చలికాలం పరిమితి తగ్గిస్తారు. మంచుకి తగ్గించగా లేనిది మనుషులకి తగ్గించకూడదా? అండర్‌పాస్ కడితే ఇంకా మంచిదే. అది కట్టే దాకా ఆ పన్నెండు సెకన్లు ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. మా పంచాయతీ వాళ్ళు అర్జీ పెట్టారు, నేనూ రాసిపెట్టాను. ఏడాదికి పచ్చ రంగు లైటు రాలేదు గానీ, పసుపు లైటు ఒకటి మిణుకు మిణుకుమంటూ వచ్చింది, రోడ్డు మీద గతుకుల పట్టీలు వేశారు. 60 బోర్డు ఇంకా రాలేదు.

మన చేతిలో ఉన్నది మనం చేశాం. నవంబరులో నేనూ, ఒక క్లర్కు అమ్మాయీ, బ్యాంకు మిత్రా కలిసి మూడు పూటలు రోడ్డు దాటి రామాలయం అరుగు మీద కూర్చున్నాం. ఇప్పుడు లైఫ్ సర్టిఫికెట్‌కి ఫోనులో ముఖం చూపిస్తే చాలు కదా. పెన్షన్ డబ్బులు కూడా ఊళ్ళోనే మిత్ర దగ్గర తీసుకునేట్టు చాలామందికి అలవాటు చేశాం. బ్రాంచి ముందు క్యూ తగ్గింది, ఫుట్‌ఫాల్ తగ్గిందని ఒక ఇన్‌స్పెక్షన్‌లో రాశారు కూడా.

నాకు బదిలీ అయ్యే ముందు, నిరుడు నవంబరులో, అదే అరుగు మీద ఆ గ్యాంగ్‌మన్ గారి భార్యకి చెప్పేశాను. "అమ్మా, ఆ వేళ వ్యాను పక్క నుంచి వచ్చిన తెల్లకారు నాదే" అన్నాను. ఆవిడ ఫోనులోకి చూస్తూనే అంది: "నాకు తెల్దేటండీ బాబూ? ఆ కారు రోజూ బ్యాంకు ముందే కదండీ పెడతారు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదమ్మా?" అన్నాను.

"అంటే నా కాయితం ఆపేత్తారేమోనని."

భోజనాలు సిద్ధమైనట్టున్నాయి.