వేలిముద్రకు తాళం వేసుకుందాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజి గురించి, స్త్రీనిధి గురించి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. ఆ డబ్బు ఖాతాలో పడ్డాక భద్రంగా ఎలా ఉంచుకోవాలో మేము నాలుగు మాటలు చెబుతాం.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని మనందరికీ తెలుసు. కానీ ఓటీపీ చెప్పకుండానే, అసలు ఫోనే రాకుండానే డబ్బు పోయిన కేసులు ఉన్నాయి. అప్పుడు ఇంట్లో ముందు మాట పడేది మనమే. "నువ్వే ఎవరికో చెప్పి ఉంటావు" అంటారు. అందుకే ఆ దొంగతనం ఎలా జరుగుతుందో మనకు తెలియాలి.

2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. 149 మంది ఖాతాల నుంచి 14 లక్షలకు పైగా తీశారని తేల్చారు. వాళ్ళు బ్యాంకుకు కన్నం వేయలేదు. చిన్న చిన్న సందులను ఒకదానికొకటి కలుపుకున్నారు.

మొదటి సందు: పొలం, స్థలం రిజిస్ట్రేషన్ దస్తావేజులు. వాటి మీద మన వేలిముద్రలూ ఉన్నాయి, ఆధార్ నంబరూ ఉంది. మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి ఆ నకళ్ళు తీసుకున్నారు.

రెండో సందు: కాగితం మీది ముద్రను రబ్బరు లాంటి పదార్థం మీద అచ్చు తీస్తే, మిషను దాన్ని నిజమైన వేలనుకుంది. 2018లోనే తెలంగాణలో సిమ్ కార్డులమ్మే ఒకతను ఇలాగే దొంగ ముద్రలతో వేలకొద్దీ సిమ్ములు యాక్టివేట్ చేశాడు.

మూడో సందు: మన ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి. దానికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. కార్డు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు, ఓటీపీ రాదు.

నాలుగో సందు: దొంగ కాగితాలతో వాళ్ళే ఏజెంట్లుగా చేరిపోవడం.

విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానితోనూ రూపాయి రాదు. కలిస్తేనే ఖాతా ఖాళీ. కాలవ గట్టు సంగతి మనకు తెలియనిదా? ఒక్క ఎండ్రకాయ బొక్కకు గట్టు తెగదు. అలాంటివి నాలుగు కలిస్తే గండి పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడితే సింగ్ నగర్ ఏమైందో చూశాం. పెద్ద కంపెనీల కంప్యూటర్లలోకి దొంగలు దూరేదీ ఇలాగేనట.

ఇందులో మనకు మేలు చేసే మాట ఒకటుంది. నాలుగు సందుల్లో ఒక్కటి మూసినా దారి తెగిపోతుంది. దస్తావేజు మీది ముద్రను మనం చెరపలేం. మిషన్లను మార్చలేం. ఆ పని ప్రభుత్వం చెయ్యాలి. 2023 నుంచి అది నిజమైన వేలో కాదో చూసే పద్ధతిని ఆధార్ సంస్థ తెచ్చింది. మన చేతిలో ఉన్నది ఆధార్‌కు బయోమెట్రిక్ తాళం. ఆధార్ యాప్‌లో గానీ ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ వేసుకోవచ్చు, ఖర్చు లేదు. తాళం పడ్డాక ఎవరు మన ముద్ర పెట్టినా పనిచేయదు.

చిక్కు ఒకటి ఉంది. తాళం ఉంటే రేషన్ దగ్గర, పింఛను దగ్గర మన వేలు కూడా పడదు. ముందు కాసేపు తీసి, పని అయ్యాక వెయ్యాలి. దీనికి ఆధార్‌కు మన ఫోను నంబరు కలిసి ఉండాలి. మన పెద్దవాళ్ళలో చాలామందికి కొడుకు నంబరో, పాత నంబరో ఉంటుంది. వాళ్ళు ముందు ఆధార్ కేంద్రంలో మార్పించుకోవాలి. సంతకం రాక వేలిముద్ర వేసే అక్కలకే ఈ ప్రమాదం ఎక్కువ, వాళ్ళకే ఈ పని కష్టం. కాబట్టి చదువుకున్నవాళ్ళం పక్కన కూర్చుని చేసిపెట్టాలి.

తియ్యని డబ్బు తీసినట్టు మెసేజి వస్తే రేపు చూద్దామనుకోవద్దు. వెంటనే 1930కి ఫోను చెయ్యాలి, బ్యాంకులో రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి. మన తప్పు లేకుండా పోయిన డబ్బు గురించి మూడు పనిదినాల్లో చెబితే, ఆ నష్టం మన మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఆ మాట బ్యాంకులో ధైర్యంగా అడగాలి.

వచ్చే నెల ప్రతి సంఘం సమావేశంలో పొదుపు కట్టాక అరగంట దీనికి పెట్టమని కోరుతున్నాం. ఎవరి నంబరు కలిసింది, ఎవరు తాళం వేసుకున్నారు అని మినిట్స్ పుస్తకంలో పేరు పేరునా రాద్దాం. డబ్బు పోయిన అక్క ఎవరైనా వస్తే "ఎవరికి చెప్పావు" అని అడగొద్దు. "పద, బ్యాంకుకు వెళ్దాం" అందాం.