డోరియన్ తర్వాత మంచినీళ్లు

2019 సెప్టెంబరు 1న డోరియన్ హరికేన్ బహామాస్‌లోని అబాకో దీవులను తాకింది. గాలి వేగం గంటకు 295 కిలోమీటర్లు. తర్వాత గ్రాండ్ బహామా దీవి మీద ఒక రోజుకు పైగా దాదాపు కదలకుండా తిష్ఠ వేసింది. విమానాశ్రయాలు మునిగాయి. హెలికాప్టర్లు, ఓడలే దిక్కయ్యాయి.

అన్నిటికంటే గడ్డు సమస్య మంచినీళ్లు. ఉప్పెన నీరు భూమిలోకి ఇంకి గ్రాండ్ బహామా బావులు ఉప్పుబారాయి. దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు ఆ బాధ కొత్త కాదు. సీసాల నీళ్లు ఎన్నాళ్లని మోస్తారు? అందుకే సహాయ సంస్థలు ఉప్పునీటిని శుద్ధిచేసే యంత్రాలు తెచ్చిపెట్టాయి.

ఇక అబాకోలోని మార్ష్ హార్బర్‌లో హైతీ వలస కూలీల బస్తీ 'మడ్' నేలమట్టమైంది. కాగితాల్లేని వారిలో కొందరు సాయం అడగడానికే భయపడ్డారు. కొద్ది వారాలకే ప్రభుత్వం వారిని వెనక్కి పంపడం మళ్లీ మొదలుపెట్టింది. అది అన్యాయం.