చెరువు అంచున సాంఘికశాస్త్రం

ఉన్నత పాఠశాలలో భూగోళాన్ని, పౌరశాస్త్రాన్ని బోధించడానికి కావలసిన ఉపకరణాలుగా సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల ఈ సభ ఆహ్వానపత్రంలో మూడింటిని పేర్కొన్నారు: పటం, గ్లోబు, రాజ్యాంగ ప్రతి. వీటిలో పటానిదే అగ్రస్థానమన్న విషయంలో ఈ సభలో భిన్నాభిప్రాయం ఉండదు. అయితే ఈ మందిరపు గోడకు వేలాడుతున్న పటంలో రంగులు అందంగా ఉన్నా స్కేలు లేదు. నేలమీది దూరానికీ కాగితంమీది దూరానికీ ఉన్న నిష్పత్తిని తెలిపే ఆ గీత లేనిదే పటం కేవలం బొమ్మగా మిగులుతుంది. పటాన్ని చదవడం తగ్గి, పరీక్ష ముందురోజు అవుట్‌లైన్ మ్యాపులో నదుల పేర్లు నింపడమే భూగోళ విద్యగా చెలామణి అవుతున్న ఈ కాలంలో అటువంటి లోపాన్ని గమనించేవారు కూడా తగ్గిపోవడం బాధాకరం.

1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే టోపోషీటులో, అంటే ఒక ప్రాంతపు ఎత్తుపల్లాలను, దారులను, నీటివనరులను వివరంగా చూపే పటంలో, 1:50,000 స్కేలు ప్రకారం 2 సెంటీమీటర్లు 1 కిలోమీటరుకు సమానం. అందులోని గోధుమరంగు గీతలు కాంటూరు రేఖలు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఈ ఊహారేఖలను నల్లబల్లమీద ఎంత వివరించినా తొమ్మిదో తరగతి పిల్లలకు పట్టుబడడం కష్టం. ఆ ఊహారేఖ కంటికి కనిపించే చోటు ఊరి చెరువు. నిలిచిన నీటి అంచు ఎటు చూసినా ఒకే ఎత్తులో ఉంటుంది కనుక అది నేలమీద ప్రకృతి గీసిన కాంటూరు రేఖే. వానాకాలం చివర నీటి అంచు వెంబడి కర్రమేకులు పాతించి, నీరు తగ్గేకొద్దీ నెలకొక వరుస చొప్పున కొత్త అంచున పాతిస్తూ, తూము దగ్గర మట్టం ఎన్ని అంగుళాలు దిగిందో ప్రతిసారీ రాయిస్తే, వేసవి నాటికి చెరువు గర్భమంతా పిల్లల చేతులమీదుగానే పటంగా మారుతుంది. మేకుల వరుసలు దూరదూరంగా ఉన్న వైపు నేల మెల్లగా వాలిందని, దగ్గరదగ్గరగా ఉన్న వైపు నిటారుగా దిగిందని అప్పుడు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఈ మేకుల్లో అన్నిటికన్నా పై వరుస పౌరశాస్త్రానిది. అలుగు, అనగా నిండిన చెరువులోని అదనపు నీరు పొర్లిపోయే కట్టడం, ఏ ఎత్తున ఉందో ఆ ఎత్తున సాగే రేఖే పూర్తి నీటిమట్టపు హద్దు. దానికి లోపల ఇల్లు లేచిందంటే ఎవరు అనుమతించారు, ఎవరు అడ్డుకోవాలి, గ్రామసభలో ఎవరు ప్రశ్నించాలి అన్న విచారణ దానంతటదే మొదలవుతుంది. 73వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్నతరహా నీటిపారుదల ఒకటి. ఆ షెడ్యూలును కంఠస్థం చేయించడం కంటే తూము తెరిచే నీరటిని, ఆయకట్టు రైతును ఒకే చోట పలకరింపజేయడం ఎక్కువ ఫలవంతం. నేలను, పాలనను ఇలా కలిపి చూడడం కొత్త ఆలోచన కూడా కాదు. కడప ప్రాంతంలోని 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం తటాక నిర్మాణానికి పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను చెబుతూ ధర్మం తెలిసిన రాజును, జలశాస్త్రం ఎరిగిన విద్వాంసుణ్ని, గట్టి నేలను ఒకే పట్టికలో నిలిపింది. చవిటి నేలతో పాటు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడాన్ని కూడా చెరువుకు దోషంగానే లెక్కించింది. భూమిని, పాలనను విడదీయని ఆ దృష్టి నేటి పాఠ్యప్రణాళికలో రెండు వేర్వేరు పీరియడ్లుగా చీలిపోయింది.

గ్లోబు విషయంలో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకూడదన్నదొక్కటే చెప్పవలసినది. రాజ్యాంగ ప్రతిలో 51ఎ అధికరణం సరస్సులను, నదులను కాపాడడం పౌరుల విధి అంటున్నది కనుక దాన్ని చెరువుకట్టమీదే చదివించడం మంచిది. మేకుల పని మాత్రం అలుగు పారే రోజుల్లోనే, ఈత తెలిసిన పెద్దలను వెంటబెట్టుకొని మొదలుపెట్టాలి. ఆ అదను తప్పితే పూర్తిమట్టపు గీత కోసం మరుసటి వానాకాలం దాకా ఆగవలసి వస్తుంది.