పేరు మనది, ఫోను ఎవరిది?

(స్త్రీల ఆస్తి హక్కులపై కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొలం గురించీ ఇంటి పట్టా గురించీ మాట్లాడినంతగా మనం షేర్ల గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అవి డబ్బున్నవాళ్ల వ్యవహారమనుకున్నాం. కానీ నెల జీతాల ఇళ్లలో ఇవాళ పొదుపు బంగారం, స్థలాలు దాటి షేర్లలోకి కూడా వెళ్తోంది. భర్త పోయిన స్త్రీ మన దగ్గరికొస్తే పొలమెంత, ఇల్లెవరి పేరునుంది అని అడుగుతాం. షేర్లున్నాయా అని మాత్రం అడగం.

ముందు నా సంగతి చెప్తాను. స్త్రీల ఆస్తి మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నదాన్ని. నా పేరున డీమ్యాట్ ఖాతా ఉంది. నా జీతంలోంచి కొన్న షేర్లే అందులో ఉన్నాయి. ఒకరోజు ఆ లెక్క చూద్దామని కూర్చుంటే నా ఫోనుకి ఓటీపీ రాలేదు. అది నా భర్త ఫోనుకి వెళ్లింది. ఈమెయిలూ ఆయనదే. ఖాతా తెరిచినప్పుడు ఆయన చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది నేనే. ఆయన మోసగాడు కాదు. ఆయనకి చెప్పాలని తోచలేదు, నాకు అడగాలని తోచలేదు. పట్టా ఆమె పేరున, పాసుపుస్తకం ఆయన జేబులో అని ఊళ్లలో రాసుకొచ్చిన నేను, నా ఇంట్లో అదే చూశాను.

ఇప్పుడు షేరు అమ్మడానికి కాగితం మీద సంతకం అక్కర్లేదు, ఓటీపీ చాలు. అంటే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే సంతకం వాళ్లదే.

షేరు మీద మన పేరు ఎక్కడుంటుందో కూడా తెలుసుకోవాలి. 1996 డిపాజిటరీల చట్టం వచ్చాక మన షేర్లు ఎన్.ఎస్.డి.ఎల్., సి.డి.ఎస్.ఎల్. అనే రెండు డిపాజిటరీల పుస్తకాల్లో ఉంటున్నాయి. కంపెనీ దృష్టిలో రిజిస్టరయిన యజమాని డిపాజిటరీ. కానీ ఆ పుస్తకంలో ఎవరి పేరుందో డివిడెండూ ఓటూ వాళ్లవే. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ మామూలుగా కంపెనీ రిజిస్టరులో ‘సీడ్ అండ్ కో’ అనే పేరుంటుంది. కొన్నవాళ్ల పేరు బ్రోకరు లెక్కల్లోనే ఉంటుంది. కావాలని అడిగితే చాలా కంపెనీల షేర్లని తమ పేరునే కంపెనీ రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు. అక్కడున్న మన ఆడపిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

మన దగ్గర పేరు నేరుగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొచ్చా? 2019 నవంబరులో హైదరాబాదుకి చెందిన కార్వీ బ్రోకింగ్ సంస్థ మీద సెబీ ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని, వాళ్ల షేర్లని ఆ సంస్థ తన ఖాతాలోకి మళ్లించి, కుదువపెట్టి అప్పులు తెచ్చింది. అందుకే బ్రోకరు చెప్పే లెక్కతో సరిపెట్టుకోకూడదు. డిపాజిటరీ నేరుగా పంపే లెక్కని మన ఈమెయిలుకి తెప్పించుకుని చూడాలి.

ఇక నామినీ. ‘నామినీగా నా పేరే రాశారు కదా’ అని ధీమాగా ఉండే స్త్రీలు ఎందరో. నామినీ యజమాని కాదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. షేర్లు చివరికి వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం పోతాయి. ఇది మనకి అనుకూలంగానూ ఉంది. భర్త తన అన్నని నామినీగా రాసి, వీలునామా లేకుండా పోయినా, భార్యకీ కూతుళ్లకీ రావలసిన వాటా పోదు. ఈ మాట మన దగ్గరికొచ్చే ప్రతి స్త్రీకీ చెప్పాలి.

మరొక చేదు నిజం. పిల్లల్లేని హిందూ వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది ముందు భర్త వారసులకి వెళ్తుంది. కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే. తన కష్టార్జితం తల్లికి చేరాలనుకునే స్త్రీ వీలునామా రాసి తీరాలి.

బీరువాల్లో పాత కాగితపు షేర్లుంటే పారేయనివ్వకండి. భర్త పేరునున్నవి వారసురాలి పేరుకి మార్చుకోవచ్చు. అవి ఇప్పుడు డీమ్యాట్‌గానే వస్తాయి కాబట్టి ఆమెకి సొంత ఖాతా కావాలి. వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు ప్రభుత్వ నిధికి వెళ్తాయి. అక్కణ్నుంచీ దరఖాస్తు పెట్టి తెచ్చుకునే వీలుంది.

రేపు మీ ఊళ్లకి వెళ్లాక ముందు మీ ఖాతాలు చూసుకోండి. ఫోను, ఈమెయిలు, డివిడెండు పడే బ్యాంకు ఖాతా, నామినీ — ఈ నాలుగూ ఎవరివి? పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికైనా ఇచ్చారా? తర్వాత మీ దగ్గరికొచ్చే స్త్రీలని అడగండి.

నేను ఫోను నెంబరు మార్పించుకున్నాను. ‘నా మీద నమ్మకం లేదా?’ అన్నాడు నా భర్త. ఉంది అన్నాను. నమ్మకం ఉన్నప్పుడే మార్చుకోవాలనీ, అది పోయాక మార్చుకోవడం కష్టమనీ కూడా చెప్పాను. ఆ మాటే మీకూ చెప్పి సెలవు తీసుకుంటున్నాను.