రేవులో ముఠా పెత్తనము



ఒక మహానగరపు రేవు దుండగుల పాలయ్యెనని వినినంతనే మనకు స్ఫురించునవి కత్తియు, పిస్తోలును. కాని న్యూయార్కు రేవు చరిత్రను పరిశీలించిన కొలదియు, ఆ పిస్తోలు కంటె ముందుగా అచ్చట మేస్త్రీ వ్రేలు పనిచేసెనని మాకు తోచుచున్నది.

1953 వరకు అచ్చట కూలీలను పనిలోనికి తీసికొను పద్ధతి యిట్టిది. ఓడ వచ్చినపుడు కళాసీలు రేవు ద్వారము కడ అర్ధవలయముగ నిలుచుచుండిరి. పని కొంచెము, మనుష్యులు పెక్కుమంది. మేస్త్రీ వ్రేలు చూపినవానికి నాటి కూలి; తక్కినవారు వట్టిచేతులతో ఇల్లు చేరవలసినదే. చెవిసందున పుల్ల పెట్టుకొని నిలుచుట, కూలిలో వాటా ఇచ్చుటకు ఒప్పుకొంటిమనుటకు కొన్నిచోట్ల గుర్తు. తన పిల్లల యన్నము ఒకని వ్రేలికొనను వ్రేలాడుచుండగా ఏ కూలీ నోరు విప్పి సాక్ష్యము చెప్పగలడు? ఆ వ్రేలిని చేజిక్కించుకొన్న ముఠాకు వడ్డీవ్యాపారము, జూదము, సరకుల దొంగతనము అన్నియు సులభసాధ్యములైనవి.

ఓడల యజమానులో? ఓడ కదలక నిలిచిన ప్రతిదినమును వారికి నష్టము. మామూలు చెల్లించి మిన్నకుండుటయే మేలని పలువురు తలచిరి. కూలీల సంఘమో? దాని యధ్యక్షుడు జోసెఫ్ రయాన్ ఆ నియామక పద్ధతినే సమర్థించుచు వచ్చెను. 1943లో ఆయనకు యావజ్జీవాధ్యక్ష పదవి లభించినది!

ఎదిరించిన ధీరులు లేకపోలేదు. బ్రూక్లినులో పీటర్ పాంటో అను యువకుడు సభలు జరిపి, కూలిలో వాటాలు ఇయ్యవలదని తోడివారిని ప్రబోధించెను. 1939 జూలైలో అతడు అదృశ్యుడయ్యెను. 1941లో అతని కళేబరము న్యూజెర్సీలో బయల్పడినది. ఆ హత్యకు ఎవరును శిక్షింపబడలేదు.

1948లో మాల్కం జాన్సన్ అను విలేకరి 'న్యూయార్క్ సన్' పత్రికలో వరుస వ్యాసములు వ్రాసి యీ గుట్టు రట్టుచేసెను. పిమ్మట బహిరంగ విచారణ జరిగినది. 1953లో న్యూయార్కు, న్యూజెర్సీ రాష్ట్రములు ఉమ్మడి కమిషనును స్థాపించి, ఆ డిసెంబరు 1వ తేదీతో పాత పద్ధతిని రద్దుచేసినవి. ముఠాలు అంతటితో నశింపలేదు. అయినను వాని వేరు ఎచ్చట నున్నదో లోకమునకు తెలిసినది.

అదే దేశపు పడమటి తీరమున శాన్ ఫ్రాన్సిస్కో కూలీలు 1934లో సమ్మె చేసి, పనిని వంతులవారీగా పంచు కార్యాలయమును సాధించుకొనిరి. ముఠాలు అచ్చట న్యూయార్కులో వలె పాతుకొనలేదు.

ఇది మనకు పరాయి కథయా? రంగూను రేవున మన తెలుగు కూలీలును మేస్త్రీల ద్వారమునే పనికి కుదిరి, వారి భాగము పోగా మిగిలినదానితో కాలము గడపినవారే. రేవు కూలీల పేర్లను పట్టికకెక్కించి పనిని క్రమపరచుటకు మన దేశము 1948లో చట్టము చేసినదియు ఈ దుస్థితిని ఎరిగియే.

దుండగుని పట్టుటకు పోలీసులు చాలుదురు. దుండగము పుట్టు తావును మూయుటకు పోలీసులు చాలరు. కూలీ పేరు పట్టికలో నుండవలెను. అతని వంతు అందరికిని తెలియవలెను. కూలి అతని చేతికే ముట్టవలెను. ఈ మూడును లేనిచోట, రేవైనను సంతయైనను, ముఠా నాయకుడు నేడు కాకున్న రేపు వచ్చి తీరును.