బోరు మోటారుకూ ఒక సిమ్ కార్డు

మన దొనకొండ మెట్ట పొలాలకు బోరే ఆధారం. ఒకప్పుడు కరెంటు వచ్చిందంటే, అర్ధరాత్రయినా టార్చి పట్టుకుని పొలానికి పరుగెత్తాలి. దారిలో పాము భయం, తడిచేత్తో షాకు భయం. ఆ తిప్పలు తగ్గించడానికి వచ్చిందే మొబైల్ స్టార్టర్.

అదెలా పనిచేస్తుంది? స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. మీరు ఇంటి నుంచి ఫోన్ చేస్తారు. సెల్ టవర్ ఆ ఆదేశాన్ని స్టార్టర్‌కు చేరవేస్తుంది. మంచి స్టార్టరైతే, మూడు ఫేజులూ సరిగా ఉంటేనే మోటారు వేస్తుంది. బోరులో నీళ్లు అయిపోతే తనంతట తనే ఆపేసి, మీకు కబురు పంపుతుంది.

రాష్ట్ర భూగర్భ జల శాఖ పరిశీలక బావుల్లోనూ ఇలాంటి పద్ధతే. బావిలోకి దించిన సెన్సర్ నీటిమట్టం కొలుస్తుంది. ఆ లెక్క గాలిలోనే ప్రయాణించి ఇంటర్నెట్‌కు చేరుతుంది. వస్తువులు ఇలా మాట్లాడుకోవడాన్నే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అంటారు. గుర్తుంచుకోండి, మూడే మెట్లు: కొలవడం, కబురు పంపడం, పని చేయించడం.

చివరిగా ఒక్క మాట. ఇంటి నుంచి మోటారు వేసే ముందు, దాని దగ్గర ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. రిపేరు చేసేటప్పుడు మెయిన్ తప్పకుండా ఆపండి. మోటారు కంటే మనిషి ముఖ్యం.